పాపకి పాలపన్ను తీసి, పక్కదానికి స్టీల్ క్యాప్ వేశారు. ఇంట్లో ఏం చూసుకోవాలి?

రాజోలు కోడలు:
పాపకి ఐదేళ్లు, బరువు 16 కిలోలు. ఇవాళ భీమవరంలో చూపించాం. కింద కుడివైపు మొదటి దవడపన్ను బాగా పుచ్చిపోయిందని తీసేశారు. దాని వెనక పన్నుకి రూట్ కెనాల్ చేసి స్టీల్ క్యాప్ పెట్టారు. పారాసెటమాల్ సిరప్ రాశారు. పెదవి ఇంకా మొద్దుబారే ఉంది, ఆకలంటోంది. ఏం పెట్టొచ్చు? పెద్దవాళ్లేమో ఉప్పునీళ్లు పుక్కిలించమని, బుగ్గకి కాపడం పెట్టమని అంటున్నారు.

పాలకొల్లు డెంటల్:
ముందు పెదవిని కాపాడండమ్మా, మిగతావి తర్వాత. కింది దవడకి చేసిన మత్తు మూడు నాలుగు గంటల దాకా ఉండొచ్చు. కొరికినా నొప్పి తెలీదు కాబట్టి పిల్లలు పెదవిని ఆటగా నమిలేస్తారు. సాయంత్రానికి బూరెలా వాస్తుంది, మర్నాటికి లోపల తెల్లటి పొర కడుతుంది. ఇంజెక్షన్ వికటించిందనీ, చీము పట్టిందనీ కంగారుపడి యాంటీబయాటిక్ మొదలెట్టేస్తారు చాలామంది. అది చీము కాదు, గాయం మానేటప్పుడు వచ్చే పొర. గోకకుండా వాజిలీన్ రాసి వదిలేస్తే వారం పది రోజుల్లో పోతుంది. మత్తు దిగేదాకా పక్కనే ఉండండి, నిద్రపోనివ్వకండి. దిగిందో లేదో తెలియాలంటే పెదవి కుడివైపు, ఎడమవైపు మెల్లగా తాకి, రెండూ ఒకేలా తెలుస్తున్నాయా అని అడగండి.

అప్పటిదాకా నమిలేవేవీ వద్దు. చల్లటి పాలు, పలచటి మజ్జిగ, కొబ్బరినీళ్లు పట్టొచ్చు. బొండంలో స్ట్రా వేసి మాత్రం ఇవ్వకండి, గ్లాసులో పోసి పట్టండి. పీల్చే ఊపుకి గుంటలో గడ్డకట్టిన రక్తం కదిలి మళ్లీ కారుతుంది. పుక్కిలించి ఉమ్మినా అంతే, అందుకే ఇవాళ ఉప్పునీళ్లు వద్దు. రేపట్నుంచి గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు వేసి, నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయమనండి. కాపడం పెడితే వాపు పెరుగుతుంది. మత్తు దిగాక గుడ్డలో చుట్టిన ఐస్ బుగ్గమీద పది నిమిషాలు పెట్టండి.

నరసాపురం మందులషాపు:
సిరప్ సీసా మీద అంకె చూడండి. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్నదీ, 250 మి.గ్రా. ఉన్నదీ రెండూ దొరుకుతాయి. ఒకదాని కొలత ఇంకోదానికి వాడితే మందు రెట్టింపో సగమో అవుతుంది. కిలోకి 15 మి.గ్రా. చొప్పున మీ పాపకి 240 మి.గ్రా. మించకూడదు. అంటే 120ది అయితే 10 మి.లీ., 250ది అయితే నాలుగున్నర మి.లీ. డాక్టరుగారి చీటీతో సరిచూసుకోండి. మొదటి డోసు మత్తు దిగకముందే వేసేయండి, నొప్పి మొదలయ్యాక వేస్తే అది పనిచేసేదాకా ఏడుపే. తర్వాత ఆరేసి గంటలకొకటి, రోజుకి నాలుగుకి మించొద్దు. ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ కలిపిన సిరప్ ఇంట్లో ఉంటే దీంతోపాటు అదీ పట్టకండి. నిమెసులైడ్ అనే నొప్పి మందుని 12 ఏళ్లలోపు పిల్లలకి 2011లోనే నిషేధించారు. ఆస్ప్రిన్ కూడా వద్దు. లవంగం నూనె గుంటలో వేయకండి, మండి చర్మం ఊడుతుంది.

రాజోలు కోడలు:
మత్తు దిగిందండి, పెదవి బాగానే ఉంది. ఉమ్ము ఎర్రగా వస్తోంది. క్యాప్ ఎత్తుగా ఉంది, పళ్లు కలవట్లేదంటోంది.

పాలకొల్లు డెంటల్:
ఉమ్ములో ఎర్రజీర ఇవాళంతా ఉంటుంది. నోరు నిండేలా రక్తం వస్తే శుభ్రమైన గుడ్డ తడిపి, మడతపెట్టి, గుంటమీద పెట్టి ఇరవై నిమిషాలు గట్టిగా కరిపించండి. మధ్యలో తీసి చూడకూడదు. అప్పటికీ ఆగకపోతే తీసుకెళ్లిపోండి.

క్యాప్ కొంచెం ఎత్తుగా ఉండటం మామూలే. పిల్లల్లో కొన్ని వారాల్లో పళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. రాత్రికి పెరుగన్నం, పాలలో నానబెట్టిన ఇడ్లీ పెట్టండి. చేప వద్దు, ముల్లు గుంటలో గుచ్చుకుంటే తీయడం కష్టం. జంతికలు వారం ఆపండి. ఆత్రేయపురం మామిడి తాండ్ర, జీళ్లు మాత్రం క్యాప్ ఉన్నన్నాళ్లూ దూరమే. జిగురుకి క్యాప్ ఊడొస్తుంది. ఊడితే మీరు తిరిగి నొక్కకండి, నిద్రలో ఊపిరిగొట్టంలోకి పోవచ్చు. డబ్బాలో వేసి తీసుకెళ్లండి. మింగేసి దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి.

బ్రష్ ఈ రాత్రే చేయించండి, గుంటని మాత్రం తప్పించి. క్యాప్ అంచున చిగురు దగ్గర బ్రష్ తిప్పకపోతే పాచి పట్టి అక్కడే రక్తం కారుతుంది. పేస్టు బఠాణీగింజంత.

రెండు రోజులు దాటాక కూడా నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, క్యాప్ పక్కన చిగురుమీద పొక్కు లేచినా మళ్లీ చూపించండి. వాపు కంటిదాకా గానీ గడ్డం కిందికి గానీ పాకినా, నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా తెల్లవారేదాకా ఆగకండి.

అమలాపురం నాన్న:
ఒకటి మిగిలింది. తీసిన పన్ను స్థానంలో కొత్తది రావడానికి పదేళ్ల వయసు దాటాలి. ఈలోగా వెనక పన్ను ముందుకి జరిగి చోటు మూసేస్తే, కొత్తది వంకరగా వస్తుంది. స్పేస్ మెయింటైనర్ (ఆ చోటు మూసుకుపోకుండా పట్టి ఉంచే తీగ) కావాలా అని ఈసారి వెళ్లినప్పుడే అడగండి. క్యాప్ వేసిన పన్నుకే తీగ లూప్ కట్టొచ్చు. పెట్టాక ఆరు నెలలకోసారి చూపించాలి. తీగ వదులైతే దాని కిందే కొత్తగా పుచ్చుతుంది.