ఇంట్లో కట్టే గో-కార్ట్‌కు స్కూటర్ ఇంజినా, ఎలక్ట్రిక్ మోటారా?

గుంటూరు నాన్న:
మావాడు తొమ్మిదో తరగతి. ఈ వేసవి సెలవుల్లో కారు షెడ్డులోనే గో-కార్ట్, అదే నేలబారుగా ఉండే చిన్న రేసు బండి, కట్టాలని పట్టుబట్టి కూర్చున్నాడు. సరే అన్నాను. ఫ్రేముకు అంగుళం ఈఆర్‌డబ్ల్యూ (అతుకు వేసిన స్టీలు) పైపు, 2 ఎంఎం మందం అనుకున్నాం. నడిపేది మా తమ్ముడి గోడౌన్ కాంపౌండులో మాత్రమే. చుట్టూ గోడ, సిమెంటు నేల. తేలనిది ఒక్కటే: పాత యాక్టివా ఇంజిన్ పెట్టాలా, 48 వోల్టుల మోటారు పెట్టాలా? ఇంట్లో అప్పుడే రెండు పార్టీలయ్యాయి.

ఆటోనగర్ అబ్బాయి:
ఇందులో ఆలోచించేదేముంది అన్నా, యాక్టివానే. గేర్లు లేవు, క్లచ్ లివర్ లేదు, పిల్లాడికి యాక్సిలరేటరూ బ్రేకూ వస్తే చాలు. బైకు ఇంజిన్ అయితే ఎదురుగాలి తగలాలి, సీటు వెనక దాచేస్తే వేడెక్కిపోతుంది. యాక్టివాకు సొంత ఫ్యాను ఉంటుంది, ఆ బాధ లేదు. ఒక్కటి చూసుకోండి, కార్బురేటర్ బండిదే తీసుకోండి. 2020 తర్వాతి బీఎస్6 ఇంజిన్‌కు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), సెన్సర్లు, వైరింగ్ మొత్తం కావాలి. బెజవాడ ఆటోనగర్‌లో ఓ పూట తిరిగితే కావలసినవన్నీ దొరుకుతాయి. ఇంకో లాభం, వెనక డ్రమ్ బ్రేకు ఇంజిన్‌తోపాటే ఊరికే వస్తుంది.

నలభై ఎనిమిది వోల్టులు:
పద్నాలుగేళ్ల పిల్లాడికి ఎనిమిది హార్స్ పవర్ ఎందుకు సార్? స్కూటర్ మీద అది మామూలే. నేలకు నాలుగంగుళాల ఎత్తులో, సస్పెన్షన్ లేని బండి మీద అది వేరే సంగతి. 1000 వాట్ల మోటారు చాలు. లెక్క కట్టి చూడండి. 11 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 0.88 మీటర్లు పోతుంది. గంటకు 30 కిలోమీటర్లంటే నిమిషానికి 500 మీటర్లు, అంటే చక్రం దాదాపు 570 చుట్లు. మోటారు 3000 తిరిగేదైతే మోటారుకు 11 పళ్ల స్ప్రాకెట్ (చైను పళ్ల చక్రం), యాక్సిల్‌కు (వెనక ఇరుసుకు) 58 పళ్లది పెడితే సరిపోయింది. వేగం ఎక్కువనిపిస్తే కంట్రోలర్‌లోనే తగ్గించుకోవచ్చు. మూసిన షెడ్డులో ఇంజిన్ ట్యూనింగ్ చేస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు. ఆ టెన్షన్ దేనికి?

ఆటోనగర్ అబ్బాయి:
షట్టర్ ఎత్తి పెట్టుకుంటే పోయేదానికి ఇంత భయమా! మీ బ్యాటరీ సంగతి చెప్పండి. 20 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ యాసిడ్‌వి నాలుగు పెడితే ఇరవై అయిదు కిలోలు దాటుతుంది. ఫుల్లుగా తొక్కితే అర గంట గట్టిగా రాదు, తర్వాత రాత్రంతా ఛార్జింగ్. పిల్లాడు సాయంత్రం అంతా గోడకానుకుని కూర్చోవాలా?

టెక్సాస్ తెలుగోడు:
ఇక్కడ గ్యారేజీల్లో కట్టేవాళ్లు ఎక్కువమంది 212 సీసీ ప్రిడేటర్ ఇంజిన్ వాడతారు. అందులో గవర్నర్ ఉంటుంది, 3600 ఆర్‌పీఎం దగ్గర ఆపుతుంది. దాన్ని పీకేయాలా వద్దా అన్న గొడవ మాత్రం ఎప్పటికీ తెగదు. పీకితే వేగం పెరుగుతుంది, కానీ కంపెనీ ఫ్లైవీలూ కనెక్టింగ్ రాడ్డూ ఆ వేగానికి చేసినవి కావు. ఇంజిన్ పెట్టేట్టయితే దాని హద్దు ఏదో ముందే తెలుసుకోండి. ఆ మాటకొస్తే కార్ట్ పుట్టిందే ఇంజిన్‌తో. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగల్స్ మొదటి కార్ట్‌కు పెట్టింది గడ్డి కోసే మిషన్ల కోసం చేసిన చిన్న టూ-స్ట్రోక్.

నలభై ఎనిమిది వోల్టులు:
అది రెండున్నర హార్స్ పవర్ ఇంజిన్ అండీ. చెప్పేటప్పుడు ఆ ముక్క కూడా చెప్పాలి.

లేత్ బాబాయ్:
మీ ఇద్దరి వాదన బాగానే ఉంది గానీ, పైన డ్రమ్ బ్రేకు ఊరికే వస్తుందన్న మాట చదివి ఆగలేకపోయాను. ఆ డ్రమ్ ఉండేది ఇంజిన్ యూనిట్ మీద. అక్కడి నుంచి వెనక యాక్సిల్‌కు నువ్వు వేసేది చైను. చైను తెగినా, స్ప్రాకెట్ మీంచి దిగినా బ్రేకు కూడా దానితోనే పోయింది. బండి వేగంలో ఉంటుంది, పిల్లాడు పెడల్ తొక్కుతూనే ఉంటాడు. కొత్తగా కట్టిన కార్ట్‌లో, లైను సరిగ్గా కుదరక, మొదట దిగేది చైనే. డిస్కు బ్రేకు వేసి, అది యాక్సిల్ మీదే ఉండాలి. మోటారు పెట్టినా ఇంతే.

ఇంకోటి. వెనక యాక్సిల్ ఒకే కడ్డీ, డిఫరెన్షియల్ ఉండదు, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో లోపలివైపు వెనక చక్రం కొంచెం పైకి లేవకపోతే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. ఆ లేపే పని ముందు కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే కడ్డీ) వాలు చేస్తుంది, అందుకే దాన్ని నిటారుగా వెల్డ్ చేయకూడదు. ఫ్రేము కూడా కొద్దిగా మెలిక తిరగాలి. గట్టిగా ఉండాలని అడ్డపైపులు ఎక్కువ వేస్తే మలుపు చెడుతుంది. స్టీరింగ్ రాడ్డు చివర్లకు బోల్టు వంచి వెల్డ్ చేసే అలవాటు కొందరికి ఉంది. అది వద్దు, రాడ్ ఎండ్ (కీలులా తిరిగే బేరింగు) కొనండి, అదురుకు వదులవని నైలాక్ నట్టు వేయండి.

వెల్డింగ్ పిల్లాడు నేర్చుకోవాలనుకుంటే సీటు బ్రాకెట్లు, ఫుట్‌రెస్టు వాడితో చేయించు. కింగ్‌పిన్, బేరింగ్ ప్లేట్లు, బ్రేకు బ్రాకెట్ మాత్రం చేయి తిరిగిన వెల్డర్‌కు ఇవ్వు. ఇంట్లో మిగిలిన జీఐ (జింకు పూత ఉన్న) నీళ్ల పైపు మాత్రం ముట్టుకోవద్దు. జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

సెక్షన్ శాస్త్రి:
గోడౌన్ గేటు దాటనంతవరకే ఈ ముచ్చటంతా. కాలనీ రోడ్డు ఎక్కితే అది రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనం. 25 సీసీ లోపు మినహాయింపు నాలుగు చక్రాల కన్నా తక్కువ ఉన్నవాటికే. మైనరు నడిపితే మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద తండ్రికి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఎలక్ట్రిక్ అయినా తేడా ఏమీ లేదు.

కొండాపూర్ అక్క:
చైనుకు, యాక్సిల్‌కు కవరు గురించి ఎవరూ ఎత్తలేదేం? 2020లో హైదరాబాద్ శివారు గుర్రంగూడలో, ట్రాక్ మీదే, కార్ట్ చక్రంలో జుట్టు చిక్కుకుని ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని చనిపోయింది. అబ్బాయి కట్టినా అక్కాచెల్లెళ్లు ఎక్కకుండా ఉంటారా? చున్నీ, జడ, వదులు చొక్కా, ఏదైనా ఒకటే. రేకుతో పూర్తిగా మూయండి.

గుంటూరు నాన్న:
అందరికీ థాంక్స్. మా ఆవిడ అక్క గారి మెసేజ్ చదివి కవర్లు లేకుండా తాళం ఇవ్వనంది. మోటారు వైపే మొగ్గుతున్నాం. ముందు యాక్సిల్ లేత్ మీద గీయించాలి. బాబాయ్, 25 ఎంఎం చాలా?

లేత్ బాబాయ్:
ఈ బరువుకు 25 నడుస్తుంది, యూసీపీ 205 బేరింగులు వేసుకో. వాడు పెరుగుతాడు, స్నేహితులూ ఎక్కుతారు అనుకుంటే 30, యూసీపీ 206. స్ప్రాకెట్‌కు, డిస్కు హబ్‌కు కీవే (కీ కూర్చునే గాడి) మర్చిపోకుండా కొట్టించు, వెల్డ్ చేసి వదిలేయకు.

ఆటోనగర్ అబ్బాయి:
డిస్కు విషయంలో బాబాయ్ మాటే రైటు, యాక్సిల్ మీదే వేయండి. ఇంజిన్ విషయంలో మాత్రం నేను తగ్గను. బ్యాటరీలతో విసిగిపోయాక చెప్పండన్నా, కార్బురేటర్ యాక్టివా ఒకటి చూసి పెడతా.