7వ తరగతి రేఖలు–కోణాలు: పిల్లలకు నిజంగా వచ్చిందో లేదో తెలిసేలా రివిజన్, టెస్టు ఎలా పెట్టాలి?

ప్రశ్న (7వ తరగతి లెక్కల టీచర్, జడ్పీ హైస్కూల్)

అందరికీ నమస్కారం. రేఖలు–కోణాలు పాఠం అయిపోయింది, ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) లోపు రివిజన్‌కి రెండు పీరియడ్లే మిగిలాయి, ఆ తర్వాత 20 మార్కుల స్లిప్ టెస్టు పెట్టాలి. "రెండు పూరక కోణాల్లో (మొత్తం 90 డిగ్రీలు) ఒకటి రెండోదానికి రెట్టింపు, కోణాలెంత?" అంటే చాలామంది 30, 60 అని టకటకా చేసేస్తారు. అదే సమాంతర రేఖల బొమ్మను కాస్త తిప్పి బోర్డు మీద గీసి ఏకాంతర కోణాలు (రేఖల మధ్యలో, ఖండించే గీతకు చెరో వైపు ఉండేవి) చూపించండర్రా అంటే ఒక్కరూ లేవరు. లంబకోణం ఏటవాలుగా ఉంటే అది 90 డిగ్రీలంటే ఒప్పుకోరు, భుజాలు పొడుగ్గా గీసిన కోణమే పెద్దదంటారు. మార్కులు చూస్తే మాత్రం అన్నీ వచ్చినట్టే ఉంటుంది. ఉన్న రెండు పీరియడ్లలో దేని మీద గట్టిగా పట్టుకోవాలి, పేపర్లో ఎలాంటి ప్రశ్నలివ్వాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి.

జవాబు 1 (స్కూల్ అసిస్టెంట్, గణితం)

మేడమ్, ముందు ఆ పొడుగు భుజాల సంగతి తేల్చండి, అది తేలకపోతే పైన ఎన్ని పేర్లు నేర్పినా నిలవవు. రెండు చీపురుపుల్లల్ని ఒక చివర దారంతో కట్టి, కొంచెం తెరిచి నోట్‌బుక్ మీద పెట్టించండి. తర్వాత పుల్లల కొసలు కత్తిరించేసి, కోణం తగ్గిందా అని అడగండి. సగంమంది తగ్గిందంటారు. మీరు చెప్పొద్దు, వాళ్లలో వాళ్లనే వాదించుకోనివ్వండి, ఆ వాదనకు పది నిమిషాలు పోయినా ఫర్వాలేదు. తిరిగిన మేరే కోణమని, గీత ఎంత పొడుగని కాదని అక్కడే దిగుతుంది.

ఏటవాలు లంబకోణానికి ఇంకా తేలిక. చేత్తో చింపిన ఏ కాగితం ముక్కైనా సరే ఒకసారి మడవాలి, ఆ మడత అంచు దానిమీదికే వచ్చేలా మళ్లీ మడవాలి. ఆ మూల కచ్చితంగా 90 డిగ్రీలు. అది పట్టుకుని కిటికీ, బెంచీ, బోర్డు మీది బొమ్మ, ఎటు తిరిగి ఉన్నా పెట్టి చూసుకోమనండి. దానికన్నా చిన్నదైతే అల్పకోణం, పెద్దదైతే అధికకోణం. కోణమానిని చేతికివ్వకముందే ఇదంతా అయిపోవాలి.

కోణమానినితో కొలిచే ప్రశ్న ఇచ్చేటప్పుడు అంకె చూసి ఎంచుకోండి. 90 ఇస్తే ఏమీ తెలియదు, ఎటునుంచి చదివినా 90నే. నేనైతే 53 గీసిస్తాను. 127 అని రాసినవాడు రెండో వరుస అంకెలు చదివాడు. 67 అని రాసినవాడు 60 దగ్గర్నుంచి ఏడు గీతలు తప్పు దిక్కుకు లెక్కపెట్టాడు. 50కో 56కో అటూ ఇటూ అయితే కోణమానిని మధ్య బిందువు శీర్షం మీద కూర్చోలేదనో, కింది అంచును ఆధారరేఖ అనుకున్నాడనో అర్థం. పేపరు దిద్దుతుంటేనే ఎవరికి ఏం చెప్పాలో తెలిసిపోతుంది. ఇంకోటి, కొలిచే ముందు అల్పకోణమా అధికకోణమా అన్నది పక్కన రాయించండి, 127 రాసేవాళ్లలో చాలామంది తమంతట తామే ఆగుతారు.

జవాబు 2 (లెక్కల టీచర్, ప్రైవేట్ స్కూల్)

పైన సార్ చెప్పినదంతా బావుంది. నేను పేపర్ సంగతి చెప్తాను. ఏకాంతర కోణాలకు మనం జడ్ ఆకారం, సదృశ కోణాలకు (రెండు రేఖల దగ్గరా ఒకే స్థానంలో ఉండేవి) ఎఫ్ ఆకారం అని చిట్కాలు చెప్తాం కదా, పిల్లలు ఇక ఆ అక్షరాన్నే వెతుకుతారు. బొమ్మ తిరిగితే అక్షరం కనబడదు, అక్కడితో ఆగిపోతారు. నా అభిప్రాయం, ఆ చిట్కా ఈ క్లాసులో వద్దు. ముందు తిర్యగ్రేఖ (రెండు రేఖల్నీ ఖండించే గీత) ఏదో కనిపెట్టి దానిమీద ఎర్ర పెన్నుతో గీయించండి, తర్వాత రెండే ప్రశ్నలు: ఈ కోణాలు ఆ రెండు రేఖల మధ్యలో ఉన్నాయా బయటా, తిర్యగ్రేఖకు ఒకే వైపా చెరో వైపా. బొమ్మ తలకిందులైనా ఈ ప్రశ్నలు మారవు.

పేపర్లో ఇది తప్పకుండా పెట్టండి: చూడ్డానికి సమాంతరంగా కనిపించే రెండు రేఖలు, ఒక తిర్యగ్రేఖ, సదృశ కోణాలు 70, 72 అని వేసి, రేఖలు సమాంతరమా కాదా, ఎందుకు? కళ్లతో చూసి జవాబు రాసేవాళ్లంతా ఇక్కడ దొరుకుతారు. 70 కోణం రేఖల మధ్యలోది అయితే, 72కి రేఖీయ ద్వయంలోది (అదే గీత మీద పక్కనున్నది) 108, 70తో కలిపితే 178. ఒకే వైపు అంతర కోణాల మొత్తం 180కి తగ్గింది కాబట్టి గీతలు పొడిగిస్తే ఆ వైపే కలుస్తాయి. యూక్లిడ్ అయిదో స్వీకృతం చెప్పేది ఇదే, పేరు చెప్పకపోయినా విషయం 7వ తరగతికి అందుతుంది.

ఇంకా "ఎప్పుడూ నిజం, కొన్నిసార్లు నిజం, ఎప్పుడూ కాదు" తరహా వాక్యాలు ఇవ్వండి. రెండు అధికకోణాలు సంపూరకాలు (మొత్తం 180 డిగ్రీలు) అవుతాయి. సంపూరక కోణాలు పక్కపక్కనే ఉంటాయి. తిర్యగ్రేఖ రెండు రేఖల్ని ఖండిస్తే ఏకాంతర కోణాలు సమానం. మూడోదానికి "ఎప్పుడూ నిజం" అని రాసేవాళ్లే ఎక్కువమంది ఉంటారు, "సమాంతర" అనే మాట వాక్యంలో లేదని చూసుకోరు. కొన్నిసార్లు అని రాస్తే రెండు బొమ్మలు గీయాలి, నిజమయ్యేదొకటి, కానిదొకటి.

జవాబు 3 (ట్యూషన్ చెప్తాను, 6 నుంచి 10)

ఒక్క మాటండి. కారణం రాయమంటే బాగా చదివేవాళ్లు రాస్తారు, తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా వాక్యం రాయలేనివాళ్లకు విషయం తెలిసినా సున్నా వస్తుంది. ఆ పిల్లలు ఇప్పటికే లెక్కలంటే టెన్షన్ పడుతున్నారు. వాళ్లను నోటితో చెప్పనివ్వండి, లేదా బొమ్మలో బాణం గుర్తులు పెట్టి సమాన కోణాలకు రంగు వేస్తే చాలనండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. మొదటి పీరియడ్ పుల్లలు, కాగితం మడతకే ఇచ్చేస్తాను. 70, 72 ప్రశ్నకు మార్కులు ఎలా వేస్తారు మేడమ్?

జవాబు 2

3 మార్కులు పెడతాను. "కాదు" అన్నదానికి 1, సదృశ కోణాలు సమానంగా లేవన్నందుకు 2. ట్యూషన్ సార్ చెప్పింది నిజమే, "70 ≠ 72" అని రాసి ఆ రెండు కోణాలకు గుర్తు పెట్టినా ఆ 2 ఇచ్చేస్తాను. "చూస్తే అలా లేవు" అంటే మాత్రం కారణానికి మార్కు లేదు.

జవాబు 4 (ఫిజికల్ సైన్స్ టీచర్)

రెండో పీరియడ్ చివర్లో టైముంటే ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్థనీస్ భూమి చుట్టుకొలత కనుక్కున్న లెక్క చెప్పండి. వేసవి అయనాంతం రోజు మధ్యాహ్నం ఈజిప్టులోని సయీన్‌లో (ఇప్పటి అస్వాన్) సూర్యుడు నడినెత్తిన, అదే సమయానికి అలెగ్జాండ్రియాలో నిలువు కర్రకూ సూర్యకిరణానికీ మధ్య 7.2 డిగ్రీలు. కిరణాలు సమాంతరం, కర్రను భూకేంద్రం దాకా పొడిగిస్తే అదే తిర్యగ్రేఖ, కాబట్టి కేంద్రం దగ్గరా ఏకాంతర కోణం 7.2 డిగ్రీలే. అది 360లో 50వ వంతు, అంటే రెండు ఊళ్ల దూరానికి 50 రెట్లు భూమి చుట్టుకొలత. హైదరాబాద్‌లో నీడ పడని మధ్యాహ్నాలు మే 9, ఆగస్టు 3 దగ్గర్లో వస్తాయి. మే సెలవుల్లో పోతుంది, ఆగస్టులో మబ్బు లేకపోతే గ్రౌండులో కర్ర పాతి చూపించొచ్చు.