పెరట్లో పద్మినికి రంగు: మనమే వేసుకోవచ్చా, పాత రంగునే మెరిపించుకోవాలా?

పెరటి మెకానిక్ (విజయనగరం):
నాన్నగారి ప్రీమియర్ పద్మిని కారు, 1984 బండి. పదకొండేళ్లుగా షెడ్డులోనే ఉంది. క్రీము రంగు. ఇప్పుడు బానెట్ మీద చెయ్యి వేస్తే సుద్దముక్క పట్టుకున్నట్టు వేళ్లకి అంటుతోంది. ఎడమ తలుపు అడుగున తుప్పు పొక్కులు, డిక్కీ మీద నాలుగు గీతలు. మొత్తం గీకి కొత్త రంగు వెయ్యడానికి షాపులో 65 వేలు అడిగారు. ఆ డబ్బులో సగానికే కంప్రెషర్, రంగు చిమ్మే గన్ కొనుక్కుని అయ్యకోనేరు పక్కన మా పెరట్లో నేనే కొట్టేద్దామని నా ఆలోచన. లేత నీలం వెయ్యాలని కూడా ఉంది. అమ్మ మాత్రం ‘రంగు జోలికెళ్లకు, తుడిచి పాలిష్ పెట్టు చాలు’ అంటోంది. వేసుకున్నవాళ్లు చెప్పండి. వేసుకుని ఏడ్చినవాళ్లు ఇంకా వివరంగా చెప్పండి.

ఏడురోడ్ల అంబాసిడర్ (శ్రీకాకుళం):
రెండు రకాలూ నేనే. ముందు ఏడ్చాను, తర్వాత వేశాను.

నా ఓటు డ్యూకోకే, అంటే పాత ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కరు రంగుకి. 1920ల్లో అమెరికాలో ఇది రాకముందు కారుకి వార్నిష్ రంగు పూసి, ఆరడానికి వారాల తరబడి ఆగేవారట. ఇదొచ్చాక గంటల్లో పని అయిపోయింది. పెరట్లో వేసుకునేవాడికి కావలసిందీ ఆ గుణమే. పది నిమిషాల్లో ముట్టుకోవచ్చు, దోమ వాలేలోపు ఆరిపోతుంది. కారిందా, నీటి కాగితంతో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో రుద్ది మళ్లీ కొట్టు. తప్పు చేస్తే క్షమించే రంగు.

ఏడుపు సంగతి. దసరాకి వారం ముందు మొదలెట్టాను. ముసురు లేదు కదా అనుకున్నాను గానీ గాలంతా చెమ్మే. బానెట్ మీద మూడో కోటు పడిందో లేదో, పాలు ఒలికినట్టు తెల్లగా తేలిపోయింది. నల్ల అంబాసిడర్ మీద తెల్ల మేఘాలు! మా ఆవిడ ‘బాగుందండీ, డిజైనా?’ అంది. అంతా రుద్దేసి ఫిబ్రవరిలో మళ్లీ వేశాను. పొద్దున మంచు విడిచాక పదింటికి మొదలెట్టి రెండింటికి ఆపెయ్యడం. ఇప్పటికి ఆరేళ్లు, బాగానే ఉంది.

కెమిస్ట్రీ మాస్టారు (విజయనగరం):
ఆ తెల్లదనం రంగులో లోపం కాదు. రంగుని పల్చన చెయ్యడానికి కలిపే తిన్నర్ వేగంగా ఆవిరైపోతూ రేకు వేడిని లాగేస్తుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. చల్లబడ్డ రేకు మీద గాలిలోని తేమ దిగి రంగులో చిక్కుకుంటుంది. నెమ్మదిగా ఆరే తిన్నర్ అడిగి తెచ్చుకుంటే చాలామటుకు తగ్గుతుంది. ముసురు రోజున అదీ కాపాడదు.

నేను అసలు మాట్లాడాలనుకున్నది ఇది కాదు. డ్యూకో నాలుగేళ్లకే వెలిసిపోతుందని, హార్డెనర్ (రంగుని గట్టిపరిచే మందు) కలిపే 2కె రంగు వేసుకోమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. మెరుపుకీ మన్నికకీ అదే మేలు, కాదనను. కానీ ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి. గన్‌లోంచి పొగమంచులా వచ్చినప్పుడు పీలిస్తే ఆస్తమా పట్టుకోవచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత ఇసుమంత తగిలినా ఊపిరాడదు. వాసన వస్తే తప్పుకుందాం అనుకోవద్దు, వాసన తెలిసేసరికే మోతాదు దాటి ఉంటుంది. కరోనా నాటి మాస్కులు దీనికి చాలవు. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కు కావాలి. పెరటి గోడకి అవతల పక్కింటివాళ్ల పిల్లలు ఆడుకుంటుంటే వాళ్లకేం తొడుగుతారు?

డ్యూకోకైనా ఒక షరతు. తిన్నర్ ఆవిరి నేలబారుగా పాకుతుంది. తులసికోట దగ్గర దీపం, వంటింటి గ్యాసు, కంప్రెషర్ స్విచ్చి, మూడూ దానికి నిప్పే. ఇంకోటి, పాత రంగులో సీసం ఉండొచ్చు. 90 పీపీఎం (పది లక్షల పాళ్లకి 90) హద్దు పెట్టిన నిబంధన 2016లో వచ్చింది, అదీ ఇళ్ల రంగులకి. మీ బండి 1984ది. పొడిగా గీకి ధూళి లేపకండి, తడిపే రుద్దండి.

గంటస్తంభం (విజయనగరం):
అమ్మ మాటకే నా ఓటు. కొత్త రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు, ఫ్యాక్టరీ రంగు పోతే మళ్లీ రాదు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి ప్రత్యేకంగా ‘వీఏ’ సిరీస్ నంబరు ఇస్తారు. మీది 2034కి ఆ ఈడుకి వస్తుంది. ఇక నీలం సంగతంటారా, రంగు మారిస్తే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి. క్రీము బండి కాగితాలతో నీలం బండి తిప్పితే దారిలో ఆపినచోటల్లా కథ చెప్పుకోవాలి.

సుద్దలా అంటుతోందంటే పై పొర ఎండకి చచ్చిందని, అడుగున రంగు బతికే ఉందని. ఆ కాలపు రంగు మీద క్లియర్ కోటు (రంగులేని పారదర్శక పై పూత) ఉండదు కాబట్టి కాంపౌండ్, అంటే అరగదీసే ముద్ద, పెట్టి రుద్దితే గుడ్డకి క్రీము రంగు అంటుతుంది. కంగారు పడకండి, అది పోవాల్సిన పొరే. ముందు 2000 నంబరు నీటి కాగితం, సబ్బు నీళ్లు. తర్వాత కాంపౌండ్, పాలిష్, చివర మైనం. తిరిగే మిషన్ అద్దెకి తెచ్చి మోజుగా తిప్పకండి. పద్మిని వెనక రెక్కల అంచుల మీద రంగు పల్చగా ఉంటుంది, రెండు క్షణాల్లో రేకు కనిపిస్తుంది. అంచులకి టేపు వేసి అక్కడ చేత్తోనే రుద్దండి.

ఏడురోడ్ల అంబాసిడర్:
గంటస్తంభం గారూ, పాలిష్ పెడితే తుప్పు పోద్దా? తలుపు అడుగున పొక్కులని ఆయన ముందే రాశారు. మాకు కళింగపట్నం ఉప్పుగాలి తెలుసు. పైన పొక్కు కనిపించిందంటే లోపల జల్లెడే. పాత రంగు మీద అంత మమకారముంటే బండిని అద్దాల బీరువాలో పెట్టుకోవాలి.

గంటస్తంభం:
తలుపు ఒక్కటీ వేయించమనండి, వద్దన్నానా? ఒక పన్ను పుచ్చితే పళ్లన్నీ పీకించుకుంటామా?

టింకర్ మావ (శ్రీకాకుళం రోడ్డు):
ముప్పై ఏళ్లుగా ఇదే పని నాది. తవఁరందరూ గన్ను గురించి కొట్టుకుంటన్నారు. రంగు ఆఖరిరోజు పని బాబూ. మొదటి వారం పని ఎవులూ అడగరేటి?

ముందు అయస్కాంతానికి పల్చటి గుడ్డ సుట్టి తలుపంతా జరుపుకుంటా ఎల్లండి. పట్టిన కాడ రేకుంది. పట్టకుండా జారిపోనాదంటే అక్కడ లప్పం మందంగా ఉన్నట్టే, ఎప్పుడో ఎవుడో గుద్దీసి పూసీసినాడు. మా షాపులోళ్లం కూడా తక్కువ తినలేదు. రేకు కొట్టి సాపు చెయ్యడానికి మూడు రోజులు, లప్పం పుయ్యడానికి మూడు గంటలు. 65 వేలు ఇచ్చినా దేనికిచ్చినారో అడగండి.

రెండోది, మూల సూసి గుడ్డతో తిన్నర్ రుద్దండి. రంగు కరిగి గుడ్డకొస్తే అది లక్కరు, దాని మీద డ్యూకో కూకుంటాది. కరక్కపోతే వేరే రకం. వేరే రకం మీద డ్యూకో కొడితే అప్పడం ఏగినట్టు ముడతలు లేచిపోద్ది. ఇది సూడకుండా పెరట్లో కొట్టీసి, ఆనక బండి తోసుకుని నా కాడికొచ్చినోళ్లు ఈ ఏడు ముగ్గురు. ఆల్లకాడ నాను రెండింతలు తీసుకున్నాను, అబద్ధమెందుకు.

నెల్లిమర్ల కుర్రోడు:
మావా, మన ఆల్టోకి కూడా ఇదే కాంపౌండ్ పెట్టొచ్చా?

టింకర్ మావ:
దానికి క్లియర్ ఉంటాది. ఎక్కువ రుద్దితే క్లియర్ పోతాది, ఆనక దురద ఒచ్చిన కుక్కలా మచ్చలు పడతాది. ఒగ్గీ.

పెరటి మెకానిక్:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, మన్నించాలి. సిరిమానోత్సవం చుట్టాలు వెళ్లాక పని పట్టాను.

తిన్నర్ పరీక్షలో గుడ్డకి ఏమీ అంటలేదు. అంటే డ్యూకో కొట్టి ఉంటే అప్పడాలే. మాస్టారు రాసింది చదివాక 2కె ఆలోచన మానేశాను, మా గోడకి అవతల నిజంగానే ఇద్దరు పిల్లలున్నారు. కాబట్టి కంప్రెషర్ కొనలేదు.

డిక్కీ మూత చేత్తో రుద్దాను. రెండు పూటలు పట్టింది, భుజాలు పడిపోయాయి. బకెట్ అడుగున ఇసుక చేరినప్పుడల్లా నీళ్లు మార్చకపోతే కొత్త గీతలు పడతాయని ఒకసారి పడ్డాకే తెలిసింది. సాయంత్రానికి మామిడి కొమ్మ నీడ అందులో కనిపించింది. నాలుగు గీతల్లో మూడు పోయాయి. నాలుగోది లోతుగా ఉంది. అది నేను పదో తరగతిలో సైకిల్ హ్యాండిలుతో గీసింది, నాన్నగారు వారం రోజులు మాట్లాడలేదు. దాన్ని వదిలేశాను.

తలుపు మీద అయస్కాంతం జానెడు మేర పట్టలేదు మావా. క్రీము రంగే, నీలం కాదు. తలుపు ఒక్కటీ విప్పి తెస్తాను, ఎప్పుడు ఖాళీ?

టింకర్ మావ:
లక్ష్మివారం తెండి. లప్పం గీకినాక లోపలేటుందో తమరు సూసేకే రేటు సెప్తాను.