అప్‌డేట్: కాస్పేజ్‌లను అడ్డుకున్నా న్యూరాన్లు ఎందుకు చనిపోతున్నాయి?

నా ప్రశ్న గుర్తులేని వారి కోసం: పీహెచ్‌డీ పనిలో భాగంగా కల్చర్‌లో పెంచిన న్యూరాన్లకు గ్లుటమేట్ (మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం, ఎక్కువైతే విషమే) ఇచ్చి, వాటిని కాపాడేందుకు జెడ్-వాడ్ అనే కాస్పేజ్ నిరోధకాన్ని కలిపాను. కాస్పేజ్‌లంటే కణం తనను తానే చంపుకునేలా చేసే ఎంజైములు. అయినా కణాలు చనిపోతూనే ఉన్నాయి.

మీలో ఎక్కువమంది అనుమానమే నిజమైంది. ఇది ప్రధానంగా అపోప్టోసిస్ (కాస్పేజ్‌లు నడిపే, పద్ధతి ప్రకారం జరిగే కణ మరణం) కాదు. ఎన్‌ఎండీఏ గ్రాహకాలను (గ్లుటమేట్ తాకితే తెరుచుకుని కాల్షియాన్ని లోపలికి వదిలే ద్వారాలు) ఎంకే-801 అనే రసాయనంతో మూసేస్తే కణాలు బతికాయి. అంటే కాల్షియం ఆ దారినే లోపలికి దూసుకొస్తోంది. గ్లుటమేట్ మోతాదు ఎక్కువైతే శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కుప్పకూలి, కణానికి ఇంధనమైన ఏటీపీ అడుగంటుతుంది. పద్ధతిగా చావడానికి కూడా కణానికి శక్తి కావాలి మరి! అది లేనప్పుడు పొర పగిలి నెక్రోసిస్‌తో పోతుంది, అక్కడ కాస్పేజ్‌లకు పనే లేదు. మోతాదు తగ్గించాక మరణం నెమ్మదించింది, జెడ్-వాడ్ ప్రభావం కూడా కొంత కనిపించింది.

కణాలు బతికున్నాయో లేదో చూసే ఎంటీటీ పరీక్ష ఒక్కటే చాలదన్న వారికి ప్రత్యేక ధన్యవాదాలు. అది కొలిచేది జీవక్రియను, మరణాన్ని కాదు. ఇప్పుడు ఎల్‌డీహెచ్ (కణం పొర పగిలితే బయటికి కారే ఎంజైమ్) విడుదలనూ చూస్తున్నాను. నెక్రోప్టోసిస్ అనే మరో రకం కణ మరణాన్ని అడ్డుకునే నెక్రోస్టాటిన్-1తో పెద్దగా తేడా రాలేదు.

ఎంకే-801నే మందుగా వాడవచ్చు కదా అని ఒకరు అడిగారు. ఆ గ్రాహకాలను పూర్తిగా మూస్తే నేర్చుకోవడం, జ్ఞాపకం దెబ్బతింటాయి. పక్షవాతంపై జరిగిన క్లినికల్ పరీక్షల్లో ఈ తరహా మందులు నెగ్గలేదు.

ఇక మిగిలినవి కాల్పెయిన్ (కాల్షియంతో చురుకై ప్రోటీన్లను కోసే ఎంజైమ్), పార్ప్-1 (డీఎన్‌ఏ మరమ్మతు ఎంజైమ్, అతిగా పనిచేస్తే కణం శక్తిని హరిస్తుంది) నిరోధకాలు. నాకు పార్ప్-1 మీదే గురి, మా గైడ్ మాత్రం కాల్పెయిన్ ముందు అంటున్నారు. కాబట్టి వచ్చే వారం కాల్పెయిన్.