లక్షల ఆబ్జెక్టులు సృష్టించే పైథాన్ ప్రోగ్రామ్‌ను నెమ్మదింపజేస్తున్నది గార్బేజ్ కలెక్షనేనా?

ప్రశ్న:
ఒక పెద్ద ఫైలును చదివి, ప్రతి పంక్తికీ ఒక లిస్టు తయారుచేసి, వాటన్నిటినీ ఒకే డిక్షనరీలో ఉంచే ప్రోగ్రామ్‌ను పైథాన్ 3.11లో రాశాను. మొత్తం 40 లక్షల పంక్తులున్నాయి. ప్రతి లక్షకు పట్టిన సమయాన్ని తెరపై చూపించుకుంటే, చాలావరకు ఒకే వేగంతో సాగుతున్నా, అప్పుడప్పుడు ఒక లక్ష దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోయినట్టవుతోంది. పోనుపోను ఆ విరామం పెద్దదవుతోంది, అయితే రెండు విరామాల మధ్య దూరం కూడా పెరుగుతోంది. నేను ఏ ఆబ్జెక్టునూ వదులుకోవడం లేదు. ఏరివేయడానికి చెత్తే లేనప్పుడు, వాడుకలో లేని ఆబ్జెక్టులను మెమరీలోంచి తొలగించే గార్బేజ్ కలెక్టర్‌కు పనేమిటి?

మొదటి జవాబు:
చెత్త లేదన్న సంగతి మీకు తెలుసు గాని, వెతికి చూస్తే తప్ప కలెక్టర్‌కు తెలియదు. మీ సమయమంతా ఆ వెతుకులాటకే పోతోంది. సీపైథాన్‌లో (అందరూ మామూలుగా వాడే పైథాన్ ఇదే) మెమరీని విడిపించే పని ప్రధానంగా రిఫరెన్స్ కౌంటింగ్‌ది, అంటే ఒక ఆబ్జెక్టును ఎన్ని చోట్ల నుంచి పట్టుకున్నారో లెక్కపెట్టి, ఆ కౌంట్ సున్నా కాగానే దాన్ని తొలగించే పద్ధతిది. ఒకదాన్నొకటి పట్టుకుని వలయంగా ఏర్పడిన ఆబ్జెక్టుల కౌంట్ మాత్రం ఎన్నటికీ సున్నా కాదు కనుక, వాటి కోసమే ఈ కలెక్టర్‌ను విడిగా పెట్టారు. మీరు వాడే 3.11లో, లిస్టుల వంటి కంటెయినర్లలో (ఇతర ఆబ్జెక్టులను పట్టుకునేవాటిలో) పుట్టినవాటి నుంచి పోయినవాటిని తీసివేయగా మిగిలినవి 700 దాటితే అది చిన్న తరాన్ని, అంటే కొత్తగా పుట్టిన ఆబ్జెక్టుల గుంపును, పరిశీలిస్తుంది, బతికినవాటిని పై తరానికి పంపుతుంది. అన్నిటికన్నా పాత తరాన్ని మాత్రం, అందులోకి చేరడానికి వేచి ఉన్నవి గత పూర్తి పరిశీలనలో మిగిలినవాటిలో 25 శాతాన్ని మించినప్పుడే ముట్టుకుంటుంది. మీరు గమనించిన విరామాలు పెరుగుతూ, అరుదవుతూ రావడానికి కారణం ఇదే. పైథాన్ 2.7కు ముందు ఇలాంటి అదుపు లేకపోవడంతో, ఆబ్జెక్టులు రెట్టింపైతే పరిశీలనకు పట్టే సమయం నాలుగింతలయ్యేది.

ఫైలు చదవడానికి ముందు, ఈ కలెక్టర్‌ను అదుపు చేసే జీసీ మాడ్యూల్‌లోని డిసేబుల్‌ను పిలిచి, మధ్యలో ఎర్రర్ వచ్చినా తప్పక నడిచేలా ఫైనలీ భాగంలో ఎనేబుల్‌ను పిలవండి. రిఫరెన్స్ కౌంటింగ్ యథావిధిగా సాగుతుంది. ఆ కాసేపట్లో పుట్టిన వలయాలు మాత్రమే మెమరీలో మిగిలి ఉంటాయి.

రెండో జవాబు:
ఆపివేసే ముందు ఒకసారి కొలవమని నా మనవి. మెమరీ చాలక సిస్టమ్ డిస్కును వాడుకోవడం మొదలుపెట్టినా ఇలాంటి విరామాలే కనిపిస్తాయి. జీసీ మాడ్యూల్‌లోని కాల్‌బ్యాక్స్ అనే జాబితాలో మీ ఫంక్షన్‌ను చేరిస్తే, ప్రతి పరిశీలన మొదలైనప్పుడూ ముగిసినప్పుడూ దాన్ని పిలుస్తారు కనుక అసలు దోషి ఎవరో తేలిపోతుంది.

పంక్తులను తర్వాత మార్చే అవసరం లేకపోతే, లిస్టులకు బదులు ట్యూపుల్స్ (తయారయ్యాక మార్చలేని జాబితాలు) వాడటమే నాకు మరింత నచ్చిన మార్గం. సంఖ్యలు, స్ట్రింగులు మాత్రమే ఉన్న ట్యూపుల్ ఏ వలయంలోనూ భాగం కాలేదు కనుక, మొదటి పరిశీలనలోనే కలెక్టర్ దాన్ని తన లెక్కలోంచి తీసేస్తుంది. లిస్టుకు ఆ వెసులుబాటు లేదు.

ప్రశ్న అడిగినవారు:
కాల్‌బ్యాక్ పెట్టి చూశాను. ప్రతి పెద్ద విరామమూ పాత తరం పరిశీలనతో సరిగ్గా సరిపోయింది. ట్యూపుల్స్‌కు మార్చాక, డిసేబుల్ అవసరం లేకుండానే అవి కనిపించకుండా పోయాయి.