‘కాన్సెప్ట్ ఆల్బం’కి మన మాట: విల్లీ నెల్సన్ 1975 రికార్డు గురించి

ప్రశ్న: అందరికీ నమస్కారం. అమెరికన్ కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ ‘రెడ్ హెడెడ్ స్ట్రేంజర్’ (ఎర్రజుట్టు అపరిచితుడు) మీద ఒక వ్యాసం రాస్తున్నాను. మొదటి పాట నుంచి చివరిదాకా ఒకే కథ నడుస్తుంది. ఇలాంటి రికార్డును కాన్సెప్ట్ ఆల్బం అంటారు కదా, నేను ‘ఇతివృత్త గీతసంకలనం’ అని రాశాను. నాకే నోరు తిరగడం లేదు. ‘జానపద కథాగేయం’ అనొచ్చా? పెద్దలెవరైనా చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు ‘జానపద’ తీసేయండి. కంట్రీ పాట అమెరికా పల్లెల్లో పుట్టిన మాట నిజమే కానీ, 1920ల నుంచీ అది పెరిగింది రికార్డు కంపెనీల దగ్గర, రేడియోలో. ఎవరు రాశారో కాగితం మీద ఉంటుంది. మనం జానపదం అనేది చాలావరకు కర్త పేరు మిగలని పాటను. ఈ రికార్డులో అన్నిటికన్నా పేరు తెచ్చుకున్న ‘బ్లూ ఐస్ క్రైయింగ్ ఇన్ ద రెయిన్’ ఫ్రెడ్ రోజ్ రాసినది, 1940లలోనే రాయ్ ఎకఫ్ పాడాడు. రికార్డుకు పేరిచ్చిన పాట ఈడిత్ లిండెమన్, కార్ల్ స్టట్జ్ కలిసి కట్టినది. నెల్సన్ ఆ పాటను చాలా ఏళ్లు తన పిల్లలకు జోలపాటగా పాడేవాడట. హత్యలున్న పాట జోలపాట ఏమిటని అనిపిస్తుంది గానీ, మన పల్లెల్లో కామమ్మ కథ వింటూ నిద్రపోయిన పిల్లలు మాత్రం లేరా!

ఆ ఒక్క పాటకైతే ‘గేయగాథ’ అతికినట్టు సరిపోతుంది. నాయని కృష్ణకుమారిగారు మన కథల పాటల మీద చేసిన పరిశోధనకు ‘తెలుగు జానపద గేయగాథలు’ అనే పేరు పెట్టారు. నల్లగుర్రం మీద ఆ ఎర్రజుట్టు మనిషి, వెంట చచ్చిపోయిన భార్య గుర్రం. ఆ రెండో గుర్రాన్ని తాకిన ఆడమనిషి బతకదు. మొదలూ తుదీ ఉన్న గాథ అది.

మొత్తం రికార్డు సంగతి వేరు. భార్య వేరొకడితో వెళ్లిపోతే ఆ ఇద్దరినీ చంపిన మతబోధకుడు, ఆ పాపాన్ని మోస్తూ ఊళ్లు తిరిగి చివరికి కాస్త నెమ్మది పొందడం కథ. దీన్ని నెల్సన్ ఎక్కువగా పరాయి పాటలతోనే నడిపాడు. ఎడీ ఆర్నాల్డ్ పాట ఒకటి, హ్యాంక్ కాక్రన్‌ది ఒకటి, మాటల్లేకుండా వాయించిన చర్చి కీర్తన ఒకటి. వాటి మధ్య తను రాసిన ‘టైమ్ ఆఫ్ ద ప్రీచర్’ మూడు చోట్ల పలుకుతుంది. ఇది మన హరిదాసు పద్ధతే. త్యాగరాజ కీర్తన, పోతన పద్యం ఎక్కడ కావాలంటే అక్కడ అందుకుని, కథను మాత్రం తన చేతిలోంచి జారనివ్వడు. అందుకే మనవాళ్లు హరికథ ‘పాడారు’ అనరు, ‘చెప్పారు’ అంటారు. బుర్రకథా అంతే. ఎంత పాడినా చెప్పడమే. మీ వ్యాసానికి కావలసింది ఈ క్రియ. నామవాచకం కోసం అంత వెతకనక్కర్లేదు.

మరొకరు: బాగుంది మాస్టారూ. కానీ ఉత్త ‘కథ’ అంటే పుస్తకం అనుకుంటారు. హరి, బుర్ర, ఒగ్గు అని ముందొక మాట ఉండబట్టే కదా అర్థమవుతోంది?

జవాబు: నిజమేనండీ. ‘పాటకథ’ అందాం. విడదీసినా అర్థం చెడదు.

ప్రశ్న: చాలా సంతోషం మాస్టారూ. ఇంకొక్కటి. రికార్డు విడుదల చేసిన కొలంబియా కంపెనీ పెద్దలు దీన్ని విని ‘డెమో’ (అసలు రికార్డింగుకు ముందు చేసుకునే ముతక రికార్డింగు) అనుకున్నారని రాయాలి. ‘నమూనా’ అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదమ్మా. నమూనాలో తక్కువతనం లేదు. వాళ్లకు వినిపించింది తక్కువతనమే. అప్పట్లో రికార్డింగు కేంద్రమైన నాష్‌విల్‌లో కంట్రీ పాట అంటే వెనక వయొలిన్ల గుంపు, కోరస్ ఉండాల్సిందే. నెల్సన్ ఆ ఊరు వదిలి టెక్సస్ చేరి, గార్లండ్‌లోని చిన్న స్టూడియోలో తన గిటారు, అక్క బాబీ పియానో, మికీ రాఫెల్ మౌత్ ఆర్గాన్, ఇంకొద్దిమంది వాద్యాలతో ముగించాడు. ఖర్చు నాలుగు వేల డాలర్ల దాకా అయిందని చెప్తారు. అది విన్నవాళ్లకు ఇంకా సాపు చెయ్యని కాగితంలా తోచింది. కాబట్టి ‘చిత్తుప్రతి అనుకున్నారు’ అని రాయండి. మన బళ్లలో చిత్తు, సాపు అనే జంట తెలియనివారు ఉండరు.

పాటలమీద పూర్తి అధికారం నెల్సన్‌దేనని ఒప్పందంలో ఉండబట్టి రికార్డు అలాగే బయటికొచ్చింది. 1975 అక్టోబరుకల్లా ‘బ్లూ ఐస్’ బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అప్పటికి పదిహేనేళ్లుగా ఇతరులకు పాటలు రాసిచ్చి పేరు తెచ్చుకున్న మనిషికి, గాయకుడిగా అదే మొదటి నంబర్ వన్. ఆ పాటకే గ్రామీ కూడా వచ్చింది. ఆల్బం సైతం కంట్రీ పట్టికలో మొదటి స్థానం అందుకుంది. తర్వాతి కాలంలో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే రికార్డుల జాబితాలో చేరింది.

ఒక్క మనవి. ‘నిరాడంబరమైన సంగీతం’ అని మాత్రం రాయకండి, సమీక్షల్లో ఆ మాట అరిగిపోయింది. ఏ వాద్యం ఎక్కడ ఆగి గొంతుకు చోటిచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పండి. ‘బ్లూ ఐస్’ మొదట్లో గిటారు తప్ప దాదాపు ఏమీ లేదు, అక్కడి నుంచే ఎత్తుకోండి.