పిల్లల రాతలో కాలాలు: పట్టిక ముందా, వాక్యం ముందా?

లంక ఇల్లు (పి.గన్నవరం వైపు)

మా అమ్మాయి ఏడో తరగతి. "మా ఊరి వరద" అని తెలుగులో రెండు పేజీల వ్యాసం ఎవరూ చెప్పకుండా సొంతంగా రాసుకెళ్ళింది. తిరిగొచ్చిన కాగితం నిండా ఎర్ర ఇంకు. కింద "కాలం మారకూడదు, అన్నీ భూతకాలంలో రాయి" అని ఉంది. ఇవీ ఆ వాక్యాలు:

"పోయినేడు వరద వచ్చింది. నాన్న అరటి గెలలు పడవలోకి ఎక్కించాడు. ఆవుని ఏటిగట్టు మీద కట్టేస్తాం. నీళ్ళు తీశాక చేలో ఒండ్రు మిగులుతుంది. ఆ ఒండ్రులో వేసిన కూరగాయలు బాగా కాస్తాయి."

"మిగులుతుంది" కొట్టేసి "మిగిలింది", "కాస్తాయి" కొట్టేసి "కాశాయి" అని దిద్దారు. ఒండ్రు పోయినేడు ఒక్కసారే మిగల్లేదు కదండీ, వరద వచ్చినప్పుడల్లా మిగులుతుంది. దిద్దిన తర్వాత గోదావరి మధ్యనున్న మా లంక సంగతే మారిపోయినట్టుంది. నేను ఇంటర్‌తో ఆపేసినదాన్ని, గట్టిగా అడగడానికి ధైర్యం చాల్లేదు. ఇంగ్లిష్ టెన్సులు కూడా ఇలాగే పట్టిక వేయించి బట్టీ పట్టిస్తున్నారు. ఇప్పుడు పిల్లకి పెన్ను పట్టుకుంటేనే టెన్షన్. వ్యాకరణం నేర్పాక రాయించాలా, రాయనిచ్చి తర్వాత దిద్దాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ట్యూషన్ మాస్టారు, అమలాపురం

అమ్మా, వ్యాకరణమే ముందు. పదిహేనేళ్ళుగా ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతున్నాను. నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమంది "ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్" అని రాయాల్సిన చోట "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అనే రాస్తారు. "రాస్తూ ఉంటే అదే వస్తుంది" అని వదిలేస్తే ఆ తప్పు డిగ్రీ దాకా వెంట వస్తుంది. పన్నెండు గళ్ళ పట్టిక గోడ మీద ఉంటే, తను ఏ గడిలో ఉన్నాడో పిల్లాడికి తెలుస్తుంది. పరీక్షలో మార్కులు పోయేది కూడా అక్కడే. బట్టీ అంటే అందరికీ చిన్నచూపు. ఎక్కాలు మనం బట్టీ పట్టలేదా?

మస్కట్ నుంచి వచ్చినవాణ్ణి, రాజోలు

నేను పట్టిక లేకుండానే ఇంగ్లిష్ నేర్చుకున్నాను. సైట్‌లో మలయాళీలతో, పాకిస్తానీలతో మాట్లాడి మాట్లాడి వచ్చేసింది. మాటకి ఇబ్బంది పడలేదు, రాతకి పడ్డాను. నైట్ డ్యూటీలో పైపు కారింది. తెల్లారేలోపు మేమే ఆపేశాం. లాగ్‌బుక్‌లో "వాటర్ ఈజ్ లీకింగ్" అని రాసి రూముకెళ్ళి పడుకున్నాను. పొద్దున సూపర్‌వైజర్ అది చదివి నలుగురిని పంపాడు. వాళ్ళు సామాన్లు వేసుకుని అంత దూరం వచ్చి చూస్తే అంతా పొడిగా ఉంది. ఆ రోజు పడిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. వాజ్ అని రాయాల్సింది ఈజ్ అని రాశాను, అంతే. అందుకని మాస్టారు చెప్పింది నేను తోసెయ్యను.

పాత తెలుగు టీచరు, రామచంద్రపురం

రాజోలు తమ్ముడి తప్పు దగ్గర కాసేపు ఆగాలి. అతను తెలివితక్కువగా రాయలేదు, తెలుగులో ఆలోచించి రాశాడు. "మేం వెళ్ళేసరికి నీళ్ళు కారుతున్నాయి" అంటాం. ఆ మాట చెప్పేసరికి కారడం ఆగిపోయి ఉన్నా "కారుతున్నాయి" అనే అంటాం. జరిగిపోయిన సంగతి అని "వెళ్ళేసరికి" చెప్పేసింది, క్రియ మళ్ళీ చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్‌లో క్రియ కూడా చెప్పాలి. ఈ తేడా పన్నెండు గళ్ళ పట్టికలో ఎక్కడా కనిపించదు.

ఇంకోటి చూడండి. "వస్తానన్నాడు" అని మనం హాయిగా అనేస్తాం. అతని నోటి మాట అతని కాలంలోనే ఉండిపోతుంది. ఇంగ్లిష్‌లో అది "హీ సెడ్ హీ వుడ్ కమ్" అవుతుంది, విల్ కాస్తా వుడ్ అవుతుంది. "భోంచేశారా?" అంటే "తిన్నానండి" అంటాం. ఆ ఒక్క "తిన్నాను"లో ఇంగ్లిష్ వాళ్ళ "ఐ ఏట్", "ఐ హావ్ ఈటెన్" రెండూ ఉన్నాయి. పిల్లలు తడబడేది సరిగ్గా ఇలాంటి చోట్లే. సొంత భాషలో ఏం చేస్తున్నారో ముందు చూపించకుండా పరాయి భాష గళ్ళు ఇస్తే, వాళ్ళు గళ్ళు నింపుతారు గానీ అర్థం చేసుకోరు.

ఇక అమ్మాయి వ్యాసం. తల్లీ, మీకు తోచిందే సరైనది. "మిగులుతుంది", "కాస్తాయి" తప్పులు కావు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో భూత, వర్తమాన, భవిష్యత్తులతో పాటు తద్ధర్మం అని నాలుగోది ఉంది. ఎప్పుడూ ఉండే స్వభావాన్ని, అలవాటుగా జరిగేదాన్ని చెప్పేది అది. "రేపు వస్తాను" అన్నా "రోజూ వస్తాను" అన్నా నేటి వాడుకలో రూపం ఒక్కటే, పక్కనున్న మాటను బట్టి అర్థం తెలుస్తుంది. మీ అమ్మాయి ఆ యేడు జరిగింది ఒక కాలంలో, ఏటా జరిగేది ఇంకో కాలంలో రాసింది. వ్యాకరణం పేరు చెప్పి దిద్దినవారే వ్యాకరణాన్ని సగం చూసి దిద్దారు. ఈ మాట రాయడానికి నాకు కష్టంగా ఉంది, ముప్ఫయ్యేళ్ళు నేనూ ఎర్ర పెన్ను పట్టినదాన్నే. మన వైపు పిల్లలు "వచ్చేడు", "చెప్పేడు" అని రాస్తే నేనూ కొట్టేసి "వచ్చాడు", "చెప్పాడు" అని దిద్దేదాన్ని. ఆ పిల్లల ఇళ్ళల్లో అలాగే మాట్లాడతారు, దానికో పద్ధతి ఉంది. పాఠ్యపుస్తకంలో ఇలా రాస్తారు, ఇంట్లో అలా అంటాం, రెండూ తెలుసుకో అని చెప్పి ఉండాల్సింది. కందుకూరి వీరేశలింగం గారంతటివారు గ్రాంథికంలో అంత రాసీ, చివరి రోజుల్లో గిడుగు రామమూర్తి గారి వాడుక భాష వైపు వచ్చారు. నాకు అంత త్వరగా తెలియలేదు.

ట్యూషన్ మాస్టారు, అమలాపురం

టీచరు గారూ, "వెళ్ళేసరికి కారుతున్నాయి" సంగతి నాకెప్పుడూ తట్టలేదు, రేపే క్లాసులో చెబుతాను. కానీ ఒక్క మాట. ఇదంతా చెప్పడానికి మీరు కూడా భూతకాలం, తద్ధర్మం అనే పేర్లే వాడారు. పేర్లే తెలియని పిల్లాడికి తేడా ఎలా చెప్పాలి? నా దగ్గర ఒక బ్యాచ్‌లో నలభై మంది. ఒక్కొక్కరి వాక్యం పట్టుకుని కూర్చోవడానికి గంట చాలదు. పట్టిక గోడ మీద నుంచి తియ్యను.

పాత తెలుగు టీచరు, రామచంద్రపురం

తియ్యొద్దు మాస్టారూ. దాంతో మొదలుపెట్టకండి, అంతే. రోజూ ఒక్క పిల్లాడి వాక్యం బోర్డు మీద రాయండి, నలభై మందికీ అదే పాఠం అవుతుంది. లంకల్లో పిల్లలకి కాలం పుస్తకం చెప్పక్కర్లేదు. "నీళ్ళు వస్తాయంట" అంటే సామాన్లు సర్దుతారు, "వస్తున్నాయి" అంటే గొడ్లని విప్పుతారు, "వచ్చేశాయి" అంటే పడవ కోసం చూస్తారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక "ఇస్తారు" అనడానికీ "ఇచ్చారు" అనడానికీ తేడా తెలియని పిల్లాడు అక్కడ ఉండడు. ఆ తేడాకి పేరు పెట్టడమే మన పని.

ట్యూషన్ మాస్టారు, అమలాపురం

మార్కులు వేసేవాళ్ళు కూడా ఇలా చూస్తే బాగుండు. పరీక్షలో ఖాళీలు పూరించమనే అడుగుతారు. ఆ విషయంలో నా మాట మీదే ఉన్నాను.

లంక ఇల్లు (పి.గన్నవరం వైపు)

అందరికీ దండాలండీ. రాత్రి పిల్లని కూర్చోబెట్టి ఒక్కటే అడిగాను, "ఇది ఆ యేడు జరిగిందా, ఏటా జరుగుతుందా?" అని. ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చూసుకుంది. ఒండ్రు, కూరగాయల వాక్యాలు తను రాసినట్టే ఉంచింది. ఆవు దగ్గర ఆగింది. "ఏటా కట్టం కదమ్మా, ఆ యేడు పాకలోకి నీళ్ళొచ్చాయని కట్టాం" అని, "కట్టేస్తాం" తనే కొట్టేసి "కట్టేశాం" అని రాసుకుంది. దిద్దినవారు ఆ వాక్యం కూడా మార్చమన్నారు, అది మాత్రం సరైనదే. సోమవారం కాగితం తీసుకుని నేనే బడికి వెళ్ళి, ఈ మూడు వాక్యాలూ చూపించి అడుగుతాను.